214 పంపితే 38 చేరాయి: చెరువుల సర్వేలో జీపీఎస్ బదిలీ తప్పిన కేసు

తిరుపతిలో సర్వే పరికరాల సర్వీసు చేస్తుంటాను. టోటల్ స్టేషన్లు, లెవెల్ యంత్రాలు, చేతిలో పట్టుకునే జీపీఎస్‌లు నా దగ్గరికి వస్తుంటాయి. జీపీఎస్ తెచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "కంప్యూటర్ నుంచి పాయింట్లు ఎక్కట్లేదన్నా." ఈ ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. 2024 సెప్టెంబరులో వచ్చిన ఈ కేసులో ఆ జబ్బులన్నీ ఒకేచోట కనబడ్డాయి. నేను మొదటిరోజు చేసిన పొరపాటు కూడా ఉంది కాబట్టి, ఏదీ దాచకుండా వరసగా రాస్తున్నాను.

ఎవరు, ఏం పని

పాకాల, చంద్రగిరి మధ్య ఉన్న 11 గొలుసుకట్టు చెరువుల మీద ఒక చిన్న బృందం సర్వే పెట్టుకుంది. మా వైపు చెరువు దేనికదిగా ఉండదు. పై చెరువు నిండి మరవ (అలుగు) పారితే ఆ నీళ్లు వంకలో (వాగులో) పడి కింది చెరువుకు చేరతాయి. మధ్యలో ఎక్కడ వంక పూడినా, ఎవరు కాలవను చదును చేసి చేను కలుపుకున్నా, కింది ఊరి చెరువు ఎండిపోతుంది. అందుకే ప్రతి తూము, ప్రతి మరవ, కట్ట తెగిన ప్రతి చోటు, వంక మలుపులు గుర్తించి, ఒక్కొక్కదాని దగ్గరికీ నడిచి వెళ్లి ఇప్పుడెలా ఉందో రాసుకోవాలని వాళ్ల ఉద్దేశం.

బృందాన్ని నడిపించేది నీటిపారుదల పనుల్లో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు మేడమ్. ఫీల్డులో తిరిగేది ఇద్దరు కుర్రాళ్లు. ఊరి పెద్దల్ని అడిగి, పాత పటాలు చూసి, గూగుల్ ఎర్త్‌లో వెతికి ఎక్సెల్‌లో 214 పాయింట్లు తయారు చేసుకున్నారు. చెరువుకొకటి చొప్పున 11 రూట్లు. పేర్లన్నీ తెలుగులోనే: "పెద్దచెరువు తూము 01", "పెద్దచెరువు మరవ 02" ఇలా. ప్రతి చెరువుకూ నంబరు మళ్లీ 01 నుంచి మొదలవుతుంది.

పరికరాలు రెండు. ఒకటి చాలా పాతది, సీరియల్ కేబుల్‌తో పనిచేసేది. రెండోది కొత్తది, యూఎస్‌బీ పెడితే పెన్‌డ్రైవ్‌లా కంప్యూటర్‌లో డ్రైవ్‌గా తెరుచుకునేది. కంపెనీ పేర్లు ఇక్కడ అక్కర్లేదు. ఈ లక్షణాలు ఏ కంపెనీ పరికరంలోనైనా ఉండొచ్చు.

మాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో. చెరువు నిండితే తూము నీళ్లలో మునిగిపోతుంది, ఇక చూడడానికి ఉండదు. దానికి తోడు అక్టోబరు 4న బ్రహ్మోత్సవాలు మొదలు. ఆ తొమ్మిది రోజులు తిరుపతిలో బండి దొరకడం, రోడ్డు మీద కదలడం రెండూ కష్టమే. కాబట్టి చేతిలో ఉన్నది రెండు వారాలు.

వచ్చిన ఫిర్యాదు

సెప్టెంబరు 16, సోమవారం పొద్దున ముగ్గురూ వచ్చారు. మేడమ్ నెమ్మదిగా, వరసగా చెప్పారు. శుక్రవారం ఆఫీసులో ఉన్న పాత డెస్క్‌టాప్ నుంచి పాత పరికరానికి పాయింట్లు పంపారు. "బదిలీ పూర్తయింది" అని ప్రోగ్రామ్ చెప్పింది. శనివారం కుర్రాళ్లు ఫీల్డుకెళ్లారు. ఒక చెరువు మరవ దగ్గరికి దారి చూపమంటే పరికరం ఆరు కిలోమీటర్ల అవతల ఇంకో ఊరి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లింది. రోజంతా తిరిగి చీకటి పడ్డాక వచ్చారు. ఆదివారం కొత్త ల్యాప్‌టాప్ నుంచి మళ్లీ ఎక్కిద్దామంటే ల్యాప్‌టాప్‌కు పాత పరికరం అందట్లేదు. కొత్త పరికరంలో ఫైల్ కాపీ అయింది కానీ లోపల ఏమీ కనిపించట్లేదు.

"ఎండలో పిల్లోళ్లు తిరిగినారు, ఆ కష్టానికి ఫలితం లేకపోయింది" అన్నారు మేడమ్. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

మొదటిరోజు: కేబుల్ దగ్గరే ఆగిపోయాను

పాత పరికరాన్ని యూఎస్‌బీ–సీరియల్ అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కు పెట్టగానే మౌస్ బాణం స్క్రీన్ అంతా ఎగరడం మొదలైంది. దానంతటదే ఫోల్డర్లు తెరుస్తోంది, మెనూలు నొక్కుతోంది. చిన్న కుర్రాడు భయపడిపోయి "వైరస్ అన్నా?" అన్నాడు.

వైరస్ కాదు, కారణం ఇదీ. ఆ పరికరంలో ఇంటర్‌ఫేస్ అనే సెట్టింగ్‌లో రెండు ముఖ్యమైన మోడ్‌లు ఉంటాయి. ఒకటి ఎన్ఎంఈఏ: ఇందులో పరికరం తన అక్షాంశం, రేఖాంశం, టైము ఏకధాటిగా సెకనుకోసారి బయటికి చెబుతూనే ఉంటుంది. రెండోది కంపెనీ సొంత ప్రోటోకాల్: కంప్యూటర్ అడిగితేనే జవాబిస్తుంది, పాయింట్లు ఇచ్చిపుచ్చుకునేది ఇందులోనే. శుక్రవారం బదిలీ అయ్యాక మ్యాప్ మీద తాము ఉన్నచోటు లైవ్‌గా చూడడానికి ఎవరో ఎన్ఎంఈఏ పెట్టి అలాగే వదిలేశారు. విండోస్‌కు పాతకాలపు సీరియల్ మౌస్‌లను వెతికే అలవాటు ఇంకా పోలేదు. పోర్టులో ఎవరో మాట్లాడుతూ కనిపిస్తే అది మౌసేమో అనుకుని, వచ్చే అంకెల్ని మౌస్ కదలికలుగా చదువుతుంది.

పరికరంలో మోడ్ మార్చాను. డివైస్ మేనేజర్‌లో మౌస్‌ల కింద కొత్తగా పుట్టిన సీరియల్ బాల్‌పాయింట్ ఎంట్రీని డిజేబుల్ చేశాను. పోర్టు నంబరు చూసి ప్రోగ్రామ్‌లో అదే పెట్టాను. కనెక్ట్ అయింది.

కొత్త పరికరానికి వాళ్లు వాడుతున్నది చార్జింగ్ కేబుల్. అలాంటి కేబుళ్లలో కరెంటు తీగలు రెండే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. గుర్తుపట్టడం తేలిక: మంచి కేబుల్ పెడితే ఈ పరికరం తెర మీద కంప్యూటర్ బొమ్మ వస్తుంది, చార్జింగ్ కేబుల్ పెడితే మామూలు మెనూనే ఉంటుంది. మరి "ఫైల్ కాపీ అయింది" అన్నారు కదా అని అడిగితే, మెమరీ కార్డు తీసి రీడర్‌లో పెట్టి కాపీ చేశారట. నా దగ్గరున్న కేబుల్ ఇచ్చాను. ఫైల్ మళ్లీ కాపీ చేశాం. పాత పరికరానికి వాళ్ల ప్రోగ్రామ్ నుంచి మళ్లీ పంపాం, "బదిలీ పూర్తయింది" అని వచ్చింది. సంతోషంగా పంపించేశాను.

మంగళవారం సాయంత్రం పెద్ద కుర్రాడి ఫోన్. "అన్నా, మళ్లీ అట్లే చూపిస్తా ఉంది."

వాళ్లు 'కనెక్ట్ కావట్లేదు' అన్నారని నేను కనెక్షన్ ఒక్కటే బాగుచేశాను. లోపలికి ఏం వెళ్లిందో చూడలేదు. పరికరంలో ఎన్ని పాయింట్లు ఉన్నాయో చూసి ఉంటే సోమవారమే తేలిపోయేది. ఒక్క నిమిషం పట్టే పని, దానికి వాళ్లకు ఇంకో రోజు పోయింది. మేడమ్‌కు ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పి, బుధవారం ఉదయం ల్యాప్‌టాప్, రెండు పరికరాలు, మొదట తయారు చేసిన ఎక్సెల్ ఫైల్ అన్నీ తెమ్మన్నాను.

బుధవారం: లెక్క పెట్టడం

పాత పరికరంలో వేపాయింట్ల (అందులో దాచిన పాయింట్ల) లిస్టు తెరిచాం. 38 ఉన్నాయి. పంపింది 214.

ముందు అనుమానం మెమరీ మీదికి పోతుంది. కానీ ఈ పరికరంలో 500 వేపాయింట్లు పడతాయి, ఒక్కో రూట్‌కు 50 పాయింట్ల దాకా ఒప్పుకుంటుంది. 214 దానికి ఎక్కువ కాదు. మెమరీ నిండితే నిండిందని చెబుతుంది కూడా. పైగా 38 అనేది ఎవరూ పరిమితిగా పెట్టే అంకె కాదు.

పేర్లు చూశాం. 01, 02, 03... 38. అంతే. చెరువు పేరు లేదు, తూమో మరవో లేదు, ఉత్త నంబర్లు.

"మీ చెరువుల్లో ఎక్కువ పాయింట్లున్న చెరువుకు ఎన్ని?" అని అడిగాను. మేడమ్ ఎక్సెల్ చూసి "ముప్పై ఎనిమిది" అన్నారు. అన్నాక ఆవిడకే అర్థమైంది, నా వైపు చూశారు.

పేరులోని తెలుగు అంతా రాలిపోయి చివరి నంబరు మాత్రమే మిగిలింది. 11 చెరువులకూ 01 ఉంది. ఇలాంటి పాత పరికరాలు వేపాయింట్‌ను పేరుతోనే గుర్తుపెట్టుకుంటాయి. అదే పేరుతో ఇంకొకటి వస్తే పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టుకుంటాయి. ఒక చెరువు 01 మీద ఇంకో చెరువు 01 ఎక్కి కూర్చుంది. చివరికి ఫైల్‌లో ఎవరు ఆఖరున ఉంటే వాళ్లే మిగిలారు. ఫైల్‌లో చివరి చెరువుకు 14 పాయింట్లు. పరికరంలో 01 నుంచి 14 దాకా అక్షాంశ రేఖాంశాలు ఎక్సెల్‌తో పోల్చి చూస్తే, 14కు 14 ఆ చివరి చెరువువే. శనివారం కుర్రాళ్లను ఆరు కిలోమీటర్లు తీసుకెళ్లింది ఆ చెరువు కట్ట మీదికే.

రూట్లు కూడా ఎందుకు పాడయ్యాయో దీంతోనే తేలిపోయింది. ఈ పరికరంలో రూట్ అంటే వేపాయింట్ పేర్ల వరస. "01, 02, 03 మీదుగా వెళ్లు" అని రాసి ఉంటుంది. ఆ 01 ఇప్పుడు ఇంకో ఊళ్లో ఉంటే రూట్ గీత కూడా అక్కడికే పోతుంది. 20 పాయింట్ల చెరువుకు మొదటి 14 ఒక ఊళ్లో, మిగతా ఆరు ఇంకెక్కడో.

తెలుగు ఎక్కడ రాలిపోయింది? పరికరంలో అనుకున్నాం, కాదు. కేబుల్ దాకా కూడా రాలేదు. ఎక్సెల్ నుంచి సేవ్ చేసిన సీఎస్‌వీ (గడుల మధ్య కామాలు పెట్టిన ఉత్త రాత) ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే "పెద్దచెరువు తూము 01" ఉండాల్సినచోట పదకొండు ప్రశ్నార్థకాలు, ఖాళీ, నాలుగు ప్రశ్నార్థకాలు, ఖాళీ, 01. చిన్న కుర్రాడు వేలితో లెక్కపెట్టి, "పెద్దచెరువు అయిదక్షరాలే కదన్నా, పదకొండెందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. మనకు పె, ద్ద, చె, రు, వు ఐదు అక్షరాలు. కంప్యూటర్‌కు ప, ఎత్వం, ద, పొల్లు, ద, చ, ఎత్వం, ర, కొమ్ము, వ, కొమ్ము: మొత్తం 11 గుర్తులు. అన్ని భాషల గుర్తులూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే ఒక్కో గుర్తుకు 3 బైట్లు, అంటే ఒక్క 'పెద్దచెరువు'కే 33 బైట్లు. ఈ పాత పరికరంలో పేరుకు ఉన్న చోటు 10 అక్షరాలు, అది కూడా ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు మాత్రమే.

ఎక్సెల్‌లో సీఎస్‌వీ అని సేవ్ చేసే ఆప్షన్లు రెండు కనిపిస్తాయి. ఉత్త సీఎస్‌వీ అంటే తెలుగు గుర్తులన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఉన్నది ఎంచుకుంటేనే తెలుగు నిలుస్తుంది. వాళ్లు మొదటిది నొక్కారు. ఆపైన వాళ్ల ప్రోగ్రామ్, పరికరం ఒప్పుకోని ప్రశ్నార్థకాలను తీసిపారేసి మిగిలిన 01ని పంపింది. పంపినవన్నీ 'పూర్తయ్యాయి' కాబట్టి అది చెప్పింది అబద్ధం కాదు. 214 సార్లు పంపింది, 214 సార్లు పరికరం అందుకుంది.

తెలుగులో పేర్లు పెట్టుకోవడం తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మరవను ఊళ్లో మరవ అనే అంటారు, ఇంగ్లీషు మాట రాసుకుంటే రైతును అడగడానికి మళ్లీ అనువాదం చేసుకోవాలి. ఫైల్‌లో తెలుగు ఉండాల్సిందే. ఉండాల్సిన చోట ఉంచాలి, అంతే. కొత్త పరికరం చదివే జీపీఎక్స్ ఫైల్‌లో ఒక పాయింట్‌కు పేరు అనే గడితోపాటు వివరణ అనే గడి కూడా ఉంది. పేరులో పొట్టి కోడ్, వివరణలో తెలుగు పేరు.

కోడ్ ఎలా ఉండాలో మేడమ్ అక్కడే కూర్చుని తేల్చారు. అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలు. మొదట పి లేదా సి: పాకాల వైపు గొలుసా, చంద్రగిరి వైపు గొలుసా. తర్వాత రెండంకెలు చెరువు నంబరు, పై చెరువు నుంచి కిందికి. తర్వాత టి అంటే తూము, ఎం అంటే మరవ, కె అంటే కట్ట, వి అంటే వంక. చివర రెండంకెలు వరస నంబరు. పి03టి02 అంటే పాకాల గొలుసులో మూడో చెరువు రెండో తూము. ఆరు అక్షరాలు. ఇంకా పాత, ఆరక్షరాల పరికరంలో కూడా ఇది పడుతుంది. పై నుంచి కిందికి నంబర్లు వేయడం మేడమ్ ఆలోచన: నీళ్లు పారే వరసలోనే లిస్టు వస్తుంది, ఫీల్డులో కోడ్ చూస్తేనే మనం గొలుసులో ఎక్కడున్నామో తెలుస్తుంది. నాకైతే ఆ ఆలోచన ఎప్పటికీ వచ్చేది కాదు.

కోడ్లన్నీ వేశాక ఎక్సెల్‌లో ఒకే కోడ్ రెండుసార్లు వచ్చిందేమో చూశాం. నాలుగు దొరికాయి, సరిచేశాం.

కొత్త పరికరం కథ వేరు

దీనికి జీపీఎక్స్ ఫైల్ విడిగా తయారు చేశారు. జీపీఎక్స్ అనేది పాయింట్లు, రూట్లు, నడిచిన దారులు పరికరాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి 2002లో వచ్చిన ఫార్మాట్. ఇప్పుడు అందరూ వాడే 1.1 వెర్షన్ 2004 నాటిది. లోపలంతా ఎక్స్‌ఎంఎల్ (ట్యాగ్‌లు పెట్టి రాసే) రాత, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. చదవొచ్చు కాబట్టి చేత్తో దిద్దొచ్చు, దిద్దితే చెడిపోవచ్చు కూడా.

మొదటి సంగతి, ఫైల్‌ను డ్రైవ్‌లో పైపైన పెట్టారు. ఈ పరికరం తన జీపీఎక్స్ ఫోల్డర్ లోపల ఉన్నవాటినే చదువుతుంది. లోపల పెట్టాం. అయినా ఏమీ రాలేదు. తప్పుందని కూడా చెప్పలేదు, ఫైలే లేనట్టు ఊరుకుంది.

ఇలాంటప్పుడు నేను చేసేది ఒకటే. ఆ ఫైల్‌కు ఒక కాపీ తీసి, ఫైల్ పేరులో చుక్క తర్వాతి భాగాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి బ్రౌజర్‌లో తెరుస్తాను. తప్పుంటే ఏ లైన్‌లో ఉందో బ్రౌజర్ చెబుతుంది. ఇక్కడ ఒక పాయింట్ పేరులో "తూము & మరవ" అని ఉంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ & గుర్తుకు వేరే పని ఉంది, దాన్ని నేరుగా రాయకూడదు. ఆ ఒక్క గుర్తు వల్ల 214 పాయింట్ల ఫైల్ మొత్తం పనికిరాకుండా పోయింది. "తూము, మరవ" అని మార్చాం. ఇంకొకటి: రెండు ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి అతికించారు, దాంతో దారుల తర్వాత పాయింట్లు వచ్చాయి. జీపీఎక్స్‌లో వరస తప్పకూడదు: ముందు వేపాయింట్లు, తర్వాత రూట్లు, ఆ తర్వాత ట్రాక్‌లు (నడిచిన దారులు). దాన్నీ సరిచేశాం.

ఇప్పుడు 214 పాయింట్లు కనిపించాయి. రూట్లలో మాత్రం 11కి 8. మిగతా మూడు ఎక్కడికీ పోలేదు, ట్రాక్‌ల లిస్టులో ఉన్నాయి. గూగుల్ ఎర్త్‌లో గీతలా గీసిన దారి జీపీఎక్స్‌గా మారేటప్పుడు ట్రాక్ అవుతుంది. వంక వెంట నడవడానికి నిజానికి ట్రాకే మేలు, మలుపులన్నీ ఉంటాయి. అలాగే ఉంచేశాం.

పాయింట్లు చేరాయి, చోటు తప్పింది

మళ్లీ సోమవారం నాటి పొరపాటు జరగకూడదని, చేరిన 214నూ మ్యాప్ మీద పరిచి చూశాం. తొమ్మిది పాయింట్లు కనిపించలేదు. మ్యాప్‌ను బాగా దూరం జరిపితే ఆర్కిటిక్‌లో, స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్నాయి. గూగుల్ ఎర్త్ కేఎంఎల్ ఫైల్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రాస్తారు. కుర్రాళ్లు ఆ అంకెల్ని అదే వరసలో ఎక్సెల్‌లో అతికించారు. మన 13.6, 79.4 అటూఇటూ అయితే 79.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం అవుతుంది. అది మంచుదీవుల చోటు. ఈ తప్పు పెద్దది కాబట్టి తేలిగ్గా దొరికింది.

చిన్న తప్పులే ప్రమాదం. మూడు పాయింట్లలో 13 డిగ్రీల 35 నిమిషాలను 13.35 అని టైప్ చేశారు. 35 నిమిషాలంటే డిగ్రీలో 0.583, కాబట్టి అది 13.583 కావాలి. తేడా దాదాపు 26 కిలోమీటర్లు, దక్షిణానికి. మ్యాప్ మీద ఇవీ మన జిల్లాల్లోనే పడతాయి కాబట్టి అనుమానం రాదు. మేడమ్ కంటికి దొరికాయి: "ఆ చోట చెరువే లేదే" అన్నారు.

ఇంకో 17 పాయింట్లు పాత టోపోషీట్ (సర్వే పటం) 57 ఓ/6 మీద స్కేలు పెట్టి కొలిచి తీసినవి. ఇవి అన్నీ ఒకేవైపు, ఒకే దూరం జరిగి ఉన్నాయి. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ అనే డేటమ్ మీద తయారయ్యాయి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84. భూమి ఆకారాన్ని రెండూ రెండు రకాలుగా లెక్కిస్తాయి కాబట్టి, అవే అంకెలు మన ప్రాంతంలో సుమారు 200 మీటర్ల తేడాతో పడతాయి. పొలాల్లో 200 మీటర్లంటే తూము ఒక కట్ట మీద, మనం ఇంకో గట్టు మీద. క్యూజీఐఎస్ అనే మ్యాప్ ప్రోగ్రామ్‌లో ఆ 17నూ వేరు చేసి డేటమ్ మార్చాం.

వెనక్కి తెప్పించి చూడడం

గురువారం పాత పరికరాన్ని పూర్తిగా ఖాళీ చేశాం. ఈసారి జీపీఎస్‌బేబెల్ వాడాను. ఇది ఉచిత ప్రోగ్రామ్, పాత సీరియల్ పరికరాలతో కూడా బాగా మాట్లాడుతుంది. ముందు ఐదు పాయింట్లే పంపాం. ఆ ఐదింటినీ పరికరం నుంచి కంప్యూటర్‌కు వెనక్కి తెప్పించి ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టాం. పేర్లు సరిపోయాయి. అంకెలు ఆరో దశాంశం దగ్గర కాస్త తేడాగా ఉన్నాయి. పరికరం లోపల డిగ్రీల్ని తనదైన అంకెల్లోకి మార్చుకుంటుంది కాబట్టి ఆ తేడా మామూలే. ఐదో దశాంశం అంటేనే భూమ్మీద సుమారు ఒక మీటరు. తర్వాత 214 పంపాం, 214 వెనక్కి వచ్చాయి. అప్పుడే రూట్లు పంపాం.

అప్పుడు పెద్ద కుర్రాడు ఒక మాట అడిగాడు. "శనివారం మేము నడిచిన ట్రాక్ ఉంది కదన్నా, అది తీసుకోవచ్చా? ఆ చెరువు కట్టంతా తిరిగినాము." ఖాళీ చేసేముందు పరికరంలో ఉన్నదంతా ఒక ఫైల్‌గా దాచి ఉంచాను కాబట్టి ఉంది. కానీ వాళ్ల ప్రోగ్రామ్‌లో తెరిస్తే కనిపించలేదు. చూస్తే ఆ ట్రాక్ తేదీ 2005 జనవరి 29. ప్రోగ్రామ్ ఇటీవలి ట్రాక్‌లే చూపించేలా పెట్టి ఉంది.

జీపీఎస్ శాటిలైట్లు వారం నంబరును 1024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతాయి. 2019 ఏప్రిల్‌లో అలా ఒకసారి తిరిగింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లేని పాత పరికరాలు కొన్ని అప్పటి నుంచి 1024 వారాలు వెనకటి తేదీ చూపిస్తున్నాయి. 2024 సెప్టెంబరు 14 నుంచి 7168 రోజులు వెనక్కి పోతే సరిగ్గా 2005 జనవరి 29 వస్తుంది. వారాలే తగ్గుతాయి కాబట్టి వారం మారదు, అదీ శనివారమే. జీపీఎస్‌బేబెల్‌లో ట్రాక్ టైమును ముందుకు జరిపే సౌకర్యం ఉంది, 7168 రోజులు జరిపాను. ఆ రోజు వాళ్లు నడిచిన 14 పాయింట్ల చెరువు కట్ట మ్యాప్ మీద చక్కగా గీతలా పడింది. వృథా అయిందనుకున్న శనివారం నుంచి ఒక చెరువు సర్వే చేతికొచ్చింది. మేడమ్ ముఖంలో మొదటిసారి టెన్షన్ తగ్గడం అప్పుడు చూశాను.

ఫీల్డులో

శుక్రవారం నేనూ వాళ్లతో వెళ్లాను. ముందు చంద్రగిరి కోటలో రాజమహల్ ఎదురుగా ఆగి రెండు పరికరాలూ పక్కపక్కన పట్టుకుని చూశాం. ఐదు మీటర్ల లోపు తేడా, చేతి జీపీఎస్‌కు అది బాగానే ఉన్నట్టు. అక్కడి నుంచి మొదటి చెరువుకు.

కుర్రాళ్ల చేతిలో ఇప్పుడు లామినేట్ చేసిన కాగితం ఉంది. ఎడమవైపు కోడ్, కుడివైపు తెలుగు పేరు, దాని పక్కన ఊళ్లో ఎవర్ని అడగాలో. కొత్త పరికరంలో తెలుగు వివరణ తెరిస్తే పెట్టెపెట్టెలుగా కనిపిస్తుంది, అందులో తెలుగు ఫాంట్ లేదు. దానికి నా దగ్గర మందు లేదు, కాగితమే దిక్కు. అది వానకు తడవకుండా ఉంటే చాలు.

బ్రహ్మోత్సవాలు మొదలయ్యేలోపు 211 పాయింట్లు చూసేశారు. మిగిలిన మూడింటిలో రెండు చోట్ల వంకే లేదు, మిట్టచేనైపోయింది. మూడోది పి03టి02. పరికరం ప్రకారం తూము కాళ్ల కిందే ఉండాలి, చుట్టూ మనిషి దూరలేనంత సర్కారు తుమ్మ. ఊళ్లో ఒక పెద్దాయన కొడవలి తెచ్చి గంటసేపు కొట్టాక తూము రాతిస్తంభం తల కనిపించింది. పెద్ద కుర్రాడు నాకు ఫోన్ చేసి ఫొటో పంపాడు. పరికరం చూపించిన చోటుకూ స్తంభానికీ మధ్య దూరం టేపు పెట్టి కొలిచాడట, నాలుగు మీటర్లు.